నోటీసు బోర్డు మీద ముక్కు

ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు యంత్రాల గురించి చెబుతాడని మీరు ఆశపడితే ముందే క్షమించండి. నాకు యంత్రాల గురించి ఓనమాలు తెలియవు. మలయ్ దేశంలో, ఇపో ఊరి బయట చేతి తొడుగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను సంక్షేమ విభాగం గుమాస్తాగా ఉండేవాణ్ణి. హాస్టల్లో ఫ్యాను తిరగకపోతే రాసుకోవడం, జ్వరమొచ్చినవాణ్ణి క్లినిక్కి పంపడం, దీపావళికీ, హరిరాయా అనే రంజాను పండక్కీ, చైనీస్ కొత్త సంవత్సరానికీ రంగు కాగితాలు అంటించడం, ఇదీ నా కొలువు. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. నా తరవాత ఇంకెవరూ అంత బాగా చేయలేరని నేను గట్టిగా నమ్మిన పని ఒక్కటే ఉంది. అది క్యాంటీన్ ఎదురుగా ఉన్న నోటీసు బోర్డు.

నవ్వకండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరే మీకోసమే ఇది రాస్తున్నాను. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ బోర్డు మీదే చేశాను, దానికి ఇంకో మనిషి ఉద్యోగం ఊడబోయింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు నవ్వులాట కాదు.

బోర్డుకి గాజు తలుపు, తలుపుకి బుల్లి తాళం. తాళంచెవి నా మెడలో ఆంజనేయస్వామి బిళ్ళ పక్కనే వేలాడేది. స్నానానికి వెళ్ళినా తీసేవాణ్ణి కాదు. "సామికి కాపలా నువ్వా, నీకు కాపలా సామా?" అని మా ఆవిడ ఎకసెక్కాలాడేది.

బోర్డుకి నా సొంత చట్టాలు ఉండేవి. ప్రతి కాగితానికీ పైన రెండు ఎర్ర పిన్నులు, కింద రెండు తెల్ల పిన్నులు. ప్రతి నోటీసు చుట్టూ పూల అంచు. చివర "ధన్యవాదాలు, దయచేసి నవ్వుతూ ఉండండి" అన్న మాట. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కడా ఖాళీ కనిపించకూడదు. నేను చేరిన రోజున అప్పటి మేనేజరు, "బోర్డు మీద జాగా మిగిలిందంటే కంపెనీలో ఎవరికో పని లేదన్నమాట" అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మాట మాత్రం నాకు వేదం. అందుకని ఒక ఫైలు పెట్టుకున్నాను, దాని పేరు గుంతల ఫైలు. నవ్వే పిల్లి, మెడనొప్పికి వ్యాయామం, దురియన్ పండు వలిచే పద్ధతి, సూర్యాస్తమయం ఇలాంటివన్నీ రకరకాల సైజుల్లో అందులో ఉండేవి. ఏదైనా నోటీసు గడువు తీరి దిగిందంటే, జానతో కొలిచి, సరిపోయే బొమ్మ తీసి ఆ గుంత పూడ్చేవాణ్ణి.

ఇక కాక్ గురించి చెప్పాలి. మలయ్‌లో కాక్ అంటే అక్క. వయసులో నాకంటే చిన్నదే, అయినా ఫ్యాక్టరీ అంతా ఆవిణ్ణి కాక్ అనేది, నేనూ అంతే. క్వాలిటీ విభాగంలో తొడుగుల్లో గాలి నింపి చిల్లు ఎక్కడుందో పట్టుకోవడం ఆవిడ పని. మనుషుల్లో చిల్లులు కూడా అంతే తేలిగ్గా పట్టేది. నేనూ ఆవిడా మాట్లాడుకున్నదంతా మలయ్‌లోనే, ఇక్కడ మన ఇంటి తెలుగులో పెడుతున్నాను, మాట చివర మా అందరికీ అలవాటైన 'లా' అన్న ఊతపదం మాత్రం అలాగే ఉంచాను.

గాజా మీద బాంబులు పడుతున్న రోజులవి. కాక్ హెచ్ఆర్ మేనేజరు దగ్గరికి వెళ్ళి, బోర్డులో కుడి పక్క కింది మూల తనకి ఇప్పించుకుంది. రెండో తాళంచెవి కూడా ఆవిడకి ఇవ్వాల్సి వచ్చింది. నా గుండె సగం కోసిచ్చినట్టయింది. ఆ మూలలో ఆసుపత్రులకి పంపాల్సిన మందుల పట్టిక, చనిపోయిన పిల్లల పేర్లు, వారానికో కొత్త పుచ్చకాయ బొమ్మ ఉండేవి. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు అన్నీ ఉన్నాయి గనక పాలస్తీనా జెండాకి బదులు పుచ్చకాయ గీస్తారట. బొమ్మలు వంకరగా పెట్టేది, నేను వెనకాలే వెళ్ళి సరిచేసేవాణ్ణి.

"పిల్లలు సచ్చిపోతంటే నీకు వంకరేటి అంకుల్?" అని ఒకసారి కసిరింది.

ఆవిడకీ ఒక చట్టం ఉండేది. ఆ మూలలో 'యహుదీ' అన్న మాట రాయకూడదు. ఇది మీకు వింతగా ఉండదేమో గానీ మాకు వింతే. యహుదీ అంటే యూదుడు. మా ఫ్యాక్టరీలో ఒక్కరూ యూదుణ్ణి కంటితో చూసినవాళ్ళు లేరు, అయినా అందరి నోట్లోనూ ఆ మాట ఉండేది. పిసినారి యహుదీ, ఓవర్‌టైమ్ ఇవ్వని సూపర్‌వైజరు యహుదీ, వానలో మొరాయించిన నా మోటారుసైకిల్ కూడా యహుదీయే. కాక్ మాత్రం, "ఆ బాంబులేసే దేశపు గవర్నమెంటుని తిడతాను, జియోనిస్టు అంటాను, పొద్దంతా అంటాను. ఎవుడి మతాన్నీ తిట్టను లా. నా మూల శుభ్రంగా ఉండాల" అనేది. జియోనిస్టంటే ఆ దేశం పక్షం వహించేవాడట, మతం పేరు కాదట. నేను తల ఊపేవాణ్ణి. ఊపడం నాకు బాగా వచ్చు.

ఇంతలో తొడుగులు కొనే విదేశీ కంపెనీ తరఫున ఆడిటర్ వస్తోందని కబురొచ్చింది. పనివాళ్ళని సరిగ్గా చూసుకుంటున్నామా లేదా అని చూడ్డానికి. ఆడిటర్ వస్తోందంటే మా ఫ్యాక్టరీకి పెళ్ళికళ వచ్చేస్తుంది. అద్దెకి పూలకుండీలు దిగుతాయి, మరుగుదొడ్లలో సబ్బు ప్రత్యక్షమవుతుంది, గేటు దగ్గర నేపాలీ కాపలాదారుకి కొత్త టోపీ వస్తుంది. హెచ్ఆర్ మేనేజరు రోజంతా రుమాలుతో మెడ తుడుచుకుంటూ తిరుగుతాడు. అంతకుముందు ఏడాది వచ్చిన ఆడిటర్‌కి, హాస్టల్లో ఆరుగురు ఉండాల్సిన గదిలో పన్నెండు మంది ఉంటున్నారని కాక్ చెప్పేసింది. మేనేజరు అప్పుడు నవ్వి ఊరుకున్నాడు. మరిచిపోలేదని మాకందరికీ తెలుసు.

ఆడిట్‌కి ముందు రోజు సాయంత్రం బోర్డు చూసుకుంటే కాక్ మూలలో గుంత! రక్తదానం నోటీసు గడువు తీరి నేనే పొద్దున తీసేశాను. కాక్ వాళ్ళమ్మకి కళ్ళ పరీక్ష అని సెలవులో ఉంది. గుంతల ఫైలు తిరగేశాను. పిల్లి వెడల్పు ఎక్కువ, దురియన్ పొడవు ఎక్కువ. అప్పుడు నా ఫోనులో మా గుడి కమిటీ గ్రూపులో ఎవరో పంపిన బొమ్మ కనిపించింది, రెండు శుభోదయం గులాబీల మధ్యన. పెద్ద కొక్కెం ముక్కువాడు ఒకడు ఇకిలిస్తూ భూగోళాన్ని రెండు చేతులతో వాటేసుకుని కూచున్నాడు. ప్రింటు తీస్తే కొలత కొట్టినట్టు సరిపోయింది.

అది ఎవరి బొమ్మో నాకు తెలియదని చెబితే మీరు నమ్మేస్తారు. కానీ తెలుసు. ఆ ముక్కు ఎవరిదని గీశారో నాకు తెలుసు. అయితే ఏమిటి, ఇక్కడ వాళ్ళెవరున్నారు, గాజా మూలలో దుర్మార్గుడి బొమ్మ ఉంటే బాగానే ఉంటుంది అనుకున్నాను. నిజానికి అంత కూడా అనుకోలేదు. గుంత పూడింది, నా మనసు నిండింది. రెండు ఎర్ర, రెండు తెల్ల పిన్నులు గుచ్చి తాళం వేశాను.

పొద్దున క్యాంటీన్ దగ్గర పనివాళ్ళు ఆ బొమ్మని చూసి పకపకా నవ్వారు. "అంకుల్, నీ ఫొటో ఎట్టుకున్నావేటి?" అన్నాడు ఒకడు. నాది మా నాన్న ముక్కు, మా నాన్నది మా తాత ముక్కు, శ్రీకాకుళం నుంచి ఓడలో రబ్బరు తోటకి వచ్చిన ముక్కు. నేనూ నవ్వాను. ఆ నవ్వు పదింటి దాకా ఉంది.

పదింటికి ఆడిటర్ వచ్చింది. లండన్ నుంచి. అరవై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, మా ఆవిడ ముక్కులో సగం కూడా లేని చిన్న ముక్కు. పూలకుండీల వంక చూడనైనా చూడకుండా నేరుగా మరుగుదొడ్లలోకి వెళ్ళి కుళాయిలు తిప్పి చూసింది. మంచాలు చూసింది. తరవాత క్యాంటీన్‌కి వస్తూ బోర్డు ముందు ఆగింది. వెనకాల మేనేజరు, ఆయన వెనక నేను. ఆవిడ కదలదే! నా బోర్డు అందం చూస్తోందని నాకు ఒక్క క్షణం గర్వం కూడా కలిగింది.

"ఇది ఎవరు పెట్టారు?" అంది మెల్లగా, ముక్కు బొమ్మ మీద వేలు పెట్టి.

"అదా మేడమ్, ఏదో కార్టూన్" అన్నాడు మేనేజరు.

"నేను యూదురాలిని. మా తాతగారి ఊళ్ళో మొదట ఇలాంటి బొమ్మలే గోడల మీద అంటించారు. తరవాత ఆ ఊళ్ళో మావాళ్ళెవరూ మిగల్లేదు. ఇది ఒక్కటి తీసేయండి."

మేనేజరు రుమాలు చేతిలోంచి జారిపోయింది. "ఒక్కటేమిటి మేడమ్, మొత్తం తీయించేస్తాను. మాకు రాజకీయాలు అక్కర్లేదు."

"ఒక్కటే అన్నాను" అందావిడ.

ఆయన అప్పటికే నాకు సైగ చేసేశాడు. నేను తాళం తీసి ముక్కు బొమ్మని పిన్నులతో సహా పీకాను. పుచ్చకాయలూ, మందుల పట్టికా, పిల్లల పేర్లూ అన్నీ నా చేతులతోనే దింపాను. నేనే పెట్టానని చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. అయినా, "ఆ మూల క్వాలిటీలో పనిచేసే ఒకావిడది, పిలిపిస్తాను" అని మేనేజరు అంటుంటే నేల మీద గచ్చు గళ్ళు చూస్తూ నిలబడ్డాను.

కాక్ తొడుగుల పొడి చేతులతోనే వచ్చింది. బోసిపోయిన మూలని చూసింది. నా చేతిలోని బొమ్మని చూసింది. తరవాత నా మొహం చూసింది.

"ఇది నువ్వే పెట్టావా?" అన్నాడు మేనేజరు.

"ఆ మూల నాది" అంది కాక్.

తరవాత ఆడిటర్ వైపు తిరిగింది. "ఈ బొమ్మ తప్పు. నా మూలలో ఉంది గాబట్టి మన్నించమని అడుగుతున్నాను. మీరు కూడా ఒక్క మాట సెప్పండి. గాజాలో పిల్లల్ని సంపడం తప్పా కాదా?"

ఆడిటర్ మొహం ఎర్రబడింది. "ఈ బొమ్మ గోడ దిగాలంటే, ఆ దేశం గురించి నేనేమనుకుంటున్నానో ముందు చెప్పాలా? అడగండి, గంటసేపు చెబుతాను. కానీ దానికీ దీనికీ లంకె పెట్టకండి. మీరనుకునే జవాబు చెబితేనే నన్ను మనిషిలా చూస్తానంటే, నేనసలు చెప్పను."

కాక్ చేతుల పొడి దులుపుకుంది. తప్పు మాట అడిగానని ఆవిడకి తెలిసిందని నాకనిపించింది, కానీ తగ్గలేదు. "సరే. మరి నా పుచ్చకాయలు ఏటి సేసినాయి?"

"నేను వాటిని తీయమనలేదు" అని ఆడిటర్ మేనేజరు వైపు తిరిగింది. ఆయన ఆవిణ్ణి "భోజనం వేళయింది మేడమ్" అంటూ అవతలి బిల్డింగుకి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రమే కాక్‌కి కాగితం అందింది. ద్వేషం రెచ్చగొట్టే బొమ్మ పెట్టినందుకూ, కొనుగోలుదారు ప్రతినిధిని అవమానించినందుకూ ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పాలి, సోమవారం విచారణ. ఆ రోజు గురువారం. గదికి పన్నెండు మంది అని చెప్పిన నోరు మూయించడానికి మేనేజరుకి మంచి సాకు దొరికింది. ఆ సాకు పళ్ళెంలో పెట్టి అందించింది నేను.

ఇంటికి వెళ్తే మా ఆవిడ బీన్సు తరుగుతోంది.

"ఏటి మావా, అన్నం కెలుకుతున్నావు?"

"ఏటీ నేదు."

"నేదంటే ఉన్నట్టే లా. సెప్పు."

చెప్పాను. కత్తి పక్కన పెట్టింది. మా ఆవిడ కత్తి పక్కన పెట్టిందంటే నాకు భయం.

"బొమ్మ నువ్వెట్టినావు. ఉజ్జోగం ఆవిడిది పోతాది. అంతేనా?"

"నాకింకా ఎనిమిది నెల్లే ఉందే రిటైర్‌మెంటు."

"ఆవిడికి?"

"పదేళ్ళు."

"మరైతే నీకే సులువు కదా!"

"అయినా ఆ బొమ్మలో అంత ఏటుందో నాకు తెల్దే. ఏదో నవ్వులాటకి..."

"తెల్దా? ఆయేడు ఎక్కడో నగల కొట్టు దోసేసినారని సుంగై సిపుట్ రోడ్డు మీద పోలీసులు నిన్నాపినారు గుర్తుందా? ఒకే వారంలో మూడుసార్లు హెల్మెట్టు తీయించినారు. దొంగోడు ఇండియనంటే అందరి మొహాలూ దొంగ మొహాలేనా అని నెల్లాళ్ళు నా బుర్ర తినేసినావు. ఆ దొంగోడు ఏటి సేసినాడో నాకేటి తెల్సు, నన్నెందుకు అడుగుతారు అన్నావు. అనలేదేటి?"

"అది యేరు."

"యేరెలాగయ్యింది?"

మంచినీళ్ళు తాగాను. ఆవిడ మళ్ళీ కత్తి తీసుకుని, "రేపెళ్ళి సెప్పేయ్" అంది.

రేపు వెళ్ళాను, చెప్పలేదు. నా బుర్రకి అంతకంటే గొప్ప ఉపాయం తట్టింది. ఆకాశరామన్న ఉత్తరం. "ఆ బొమ్మ పెట్టింది కాక్ కాదు. పెట్టినవాడు పశ్చాత్తాపపడుతున్నాడు" అని కంప్యూటరులో కొట్టి, ప్రింటు తీసి, ఎవరూ లేనప్పుడు మేనేజరు తలుపు కిందనించి లోపలికి తోశాను. భుజాల మీంచి బస్తా దిగినట్టయింది. క్యాంటీన్‌కి వెళ్ళి రెండు ప్లేట్ల నూడుల్స్ తిన్నాను. కాక్ ఎదురుగా వస్తే ధైర్యంగా పలకరించాను కూడా. ఆవిడ "ఊఁ" అని వెళ్ళిపోయింది.

సోమవారం విచారణ. మేనేజరు, ప్రొడక్షన్ మేనేజరు, పనివాళ్ళ ప్రతినిధి బల్లకి అవతల. ఇవతల కాక్. చివర్న, విచారణలో జరిగేదంతా రాసుకోడానికి సంక్షేమ విభాగం గుమాస్తా. అంటే నేనే. నా నేరం విచారణకి నన్నే రాతగాణ్ణి చేశారు. పెన్ను మూత తీసి తేదీ వేశాను.

మేనేజరు ముందు నా ఉత్తరం బయటికి తీశాడు. "ఎవడో ఆకతాయి రాశాడు. సంతకం లేదు, పరిగణించక్కర్లేదు. రాసుకోండి అంకుల్" అని బల్ల మీద పడేశాడు. అప్పుడు చూశాను. కాగితం చుట్టూ చక్కటి పూల అంచు. అడుగున మధ్యలో, "ధన్యవాదాలు, దయచేసి నవ్వుతూ ఉండండి." ముప్పై ఏళ్ళ అలవాటు, చేతులు వాటంతట అవే కొట్టేశాయి! ప్రొడక్షన్ మేనేజరు కాగితం చూసి, నన్ను చూసి, దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాక్ కిటికీ బయటికి చూస్తోంది. మా మేనేజరు ఒక్కడికే ఏమీ కనిపించలేదు, కనిపించకపోవడం ఆయనకి అవసరం.

"బొమ్మ నువ్వు పెట్టలేదా?" అని కాక్‌ని అడిగాడు.

"ఆ మూల నాది. అందులో ఏటున్నా నేనే జవాబు సెప్పాల."

"అంటే ఒప్పుకున్నట్టే. రాసుకోండి అంకుల్. ఈ బొమ్మ వల్ల ఆడిటర్ ఆగ్రహించి, ఆ మూలలో ఉన్న పాలస్తీనా కాగితాలన్నీ యూదు వ్యతిరేకమని మొత్తం తీసేయమని ఆదేశించారు."

నా పెన్ను ఆగిపోయింది. చూడండి, నేను పిరికివాణ్ణి. స్నేహితురాలి ఉద్యోగం పోతున్నా నోరు మెదపనివాణ్ణి. కానీ ముప్పై ఏళ్ళలో ఒక్క మీటింగులో కూడా జరగనిది జరిగినట్టు నేను రాయలేదు. అదొక్కటే నాకున్న గొప్ప.

"సార్, అలా జరగలేదు. నేను రాయలేను" అన్నాను.

"ఏమిటి?"

"ఆవిడ ఒక్కటే తీయమన్నారు. రెండుసార్లు అన్నారు. మిగతావి తీయమన్నది మీరు. తీసింది నేను. ఆ ఒక్కటి పెట్టింది కూడా నేనే సార్. గుంత పూడ్చడానికి పెట్టాను. అది యూదుల్ని వెక్కిరించే బొమ్మని తెలిసే పెట్టాను. కాక్ ఆ రోజు సెలవులో ఉన్నారు."

మేనేజరు ముందుకి వంగి, మెత్తగా, "అంకుల్, ఎనిమిది నెలల్లో రిటైరవుతారు. మంచి పేరుంది. ఎందుకు చెప్పండి ఈ తలనొప్పి?" అన్నాడు.

నేను పుస్తకం, పెన్ను ఆయన వైపు తోశాను. "మీరు రాసుకోండి సార్. ముద్దాయి చేత రాయించకూడదు."

ప్రొడక్షన్ మేనేజరు ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. పనివాళ్ళ ప్రతినిధి సాక్ష్యం కవరులోంచి బొమ్మ తీశాడు, పైన ఎర్ర, కింద తెల్ల పిన్నులు ఇంకా దాని మూలల్లోనే ఉన్నాయి. లేచి కిటికీలోంచి బోర్డు చూశాడు, మళ్ళీ బొమ్మ చూశాడు. విచారణ అక్కడితో ముగిసింది.

కాక్‌కి ఇచ్చిన కాగితం కంపెనీ వెనక్కి తీసుకుంది, పుచ్చకాయలు మళ్ళీ బోర్డెక్కాయి. నాకు హెచ్చరిక కాగితం వచ్చింది. మెడలోంచి తాళంచెవి తీసి కాక్ చేతికిచ్చేయమన్నారు. ఆంజనేయస్వామి ఒంటరివాడయ్యాడు.

గది బయట నేను కాక్‌ని ఆపాను. "మన్నించు. నీకు తెల్దు గానీ..."

"గురువారమే తెల్సు."

"ఎలాగ?"

"పైన రెండెర్ర, కింద రెండు తెల్ల. ఇరవై ఏళ్ళుగా సూస్తన్నాను అంకుల్. సిల్లు పట్టుకోడం నా ఉజ్జోగం."

"మరి సెప్పలేదేం?"

"నువ్వు సెప్తావేమోనని సూసినాను." నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, కోపం. "పిల్లల కోసం మందులడిగే మూల అది. ఆ ముక్కు తెచ్చి నా మూలలో ఎట్టినావు. నేనేటి ద్వేషించేదాన్నా? ఇప్పుడు ఎవుడైనా నా నోరు మూసేయొచ్చు, ఆ బొమ్మ సూపించి. నాలుగు రాత్రులు నాకు నిద్ర నేదు. నువ్వు రెండు ప్లేట్లు నూడుల్స్ తిన్నావు. నేను సూసినాను."

ఆ నూడుల్స్ మాట ఇప్పటికీ నా గొంతులో అడ్డంగా ఉంది.

ఆరు నెలల తరవాత అదే ఆడిటర్ హాస్టల్ గదులు బాగుపడ్డాయా అని చూడ్డానికి మళ్ళీ వచ్చింది. బాగుపడ్డాయి, గదికి ఏడుగురు. మధ్యాహ్నం తన పళ్ళెం పట్టుకుని తిన్నగా వచ్చి కాక్ ఎదురుగా కూచుంది. పక్క బల్ల దగ్గర నేను. "ఆ రోజు అడిగారు కదా, ఇప్పుడు చెబుతాను" అంది. గాజాలో చేస్తున్నది ఘోరమనీ, లండన్ వీధుల్లో దానికి వ్యతిరేకంగా నడిచిన వేలమందిలో తానూ ఉన్నాననీ చెప్పింది. కాక్ సంతోషపడి కాస్త కూర వడ్డించింది. అక్కడితో ఆగి ఉంటే నాకు కథ బాగుండేది. ఆగలేదు. ఆ దేశం పుట్టడమే అన్యాయమంది కాక్. "మా పిన్ని అక్కడే ఉంది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోయి వెళ్ళింది. ఆమెని ఎక్కడికి పొమ్మంటారు?" అంది ఆడిటర్. "పొమ్మనను. కానీ ఆ ఇంట్లోంచి ఎళ్ళగొట్టిన పాలస్తీనా ముసలామె మెడలో దాని పాత తాళంచెవి ఇంకా ఉంది కదా, ఆమెకేటి సెప్తాం?" అంది కాక్.

"జియోనిస్టు అని పేరు మార్చి, అదే ముక్కు గీసేవాళ్ళని నేను రోజూ చూస్తున్నాను" అంది ఆడిటర్.

"ఆళ్ళున్నారని నేను మాటాడకూడదేటి? జియోనిస్టు అనగానే నన్ను కూడా ఆళ్ళతో కట్టేస్తారు."

"మాట్లాడండి. ముక్కు గీసేవాళ్ళతో కూడా మాట్లాడండి."

"ఒకడితో మాటాడినాను" అంది కాక్, నా వైపు చూడకుండా.

గంట కొట్టేదాకా అలాగే వాదించుకున్నారు. ఇద్దరూ ఒక మాట మీదికి రాలేదు. ఆడిటర్ లేస్తూ, చాలా కారంగా ఉంది గానీ బాగుంది అంది. కూర గురించే అనుకుంటాను. నేను తలెత్తకుండా అన్నం తిన్నాను.

కాక్ మూలలో ముక్కు బొమ్మ ఉన్న జాగా మాత్రం ఖాళీగానే ఉండేది. కావాలనే అలా ఉంచింది. రోజూ నాలుగుసార్లు దాని ముందు నుంచి వెళ్ళేవాణ్ణి. చేతులు దురద పెట్టేవి. "పిల్లి బొమ్మ ఎట్టుకోవా?" అని రెండుసార్లు బతిమాలాను. "వద్దు. సూడు" అంది.

నా ఆఖరి రోజున కేకు కోశారు, దండ వేశారు, ఫొటోలు తీశారు. ఒక ఫొటోలో నేను పక్కకి తిరిగి కేకు నములుతున్నాను, శ్రీకాకుళం ముక్కు పూర్తి నిడివితో పడింది. సాయంత్రం కాక్ నా దగ్గరికి వచ్చి తాళంచెవి చేతిలో పెట్టింది. "ఐదు నిమిషాలు. నీ గుంత నువ్వే పూడ్సుకో."

గుంతల ఫైలు తీశాను. దాంట్లోంచి ఏమీ తీయబుద్ధి కాలేదు. ఆ ఫొటో ప్రింటు తీసుకొచ్చి, జానతో కొలిచి, చుట్టూ కత్తిరించి ఖాళీలో పెట్టాను. సరిపోయింది. కాక్ పిన్నుల డబ్బా చాపింది. పైన రెండు ఎర్ర, కింద రెండు తెల్ల.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. ముందుకి వచ్చి ఫొటోని కాస్త వంకర చేసింది. నా చెయ్యి దానంతటదే లేచింది, మళ్ళీ దించేసుకున్నాను.

"ఇప్పుడు ఇదెవురెట్టినారని ఎవురూ అడగక్కర్లేదు లా" అని కాక్ తాళం వేసేసింది.